తీగలో దోషం ఎక్కడ?

ముప్ఫయి ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు పాఠం చెప్పి విరమించినవాణ్ణి. విద్యుత్తుతో నా పరిచయం స్విచ్చి వేయడంతో మొదలై, ఆర్పడంతో ముగిసేది. అటువంటి నేను తంతుల చరిత్ర రాయబూనడం సాహసమే. కాని ఒక తీగ విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పు ఎటువంటిదో నాకు నేను బోధపరచుకోవడానికి 1858వ సంవత్సరం దాకా వెనక్కి వెళ్లవలసి వచ్చింది. నాబోటివారు నవ్వుకుంటూనైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

2017 వేసవి. విజయవాడలో మేమున్నది ఒక అపార్టుమెంటులో మూడవ అంతస్తు. టీవీ కేబులు మీదనే అంతర్జాలం కూడా వచ్చే ఏర్పాటు మాది. అమ్మాయి కాపురం డాలస్‌లో. మనుమరాలికి అప్పుడు తొమ్మిదేళ్లు. ప్రతి ఆదివారం ఇక్కడ రాత్రి ఏడున్నరకు, అక్కడ ఉదయం తొమ్మిదికి, దానికి నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. అచ్చులు, హల్లులు, గుణింతం పూర్తయి ఒత్తుల దగ్గరకు వచ్చాం. అప్పుడు మొదలయింది పీడ. సాయంత్రం ఏడు దాటితే చాలు, తెర మీద బొమ్మ నిలిచిపోయేది. "తాతయ్యా, నువ్వు మళ్లీ బొమ్మవైపోయావు" అనేది పిల్ల. రెండు నిమిషాలకు నేను ప్రాణం పోసుకునేవాణ్ణి, అయిదు నిమిషాలకు మళ్లీ బొమ్మనయ్యేవాణ్ణి. నాలుగు ఆదివారాలు ఇలా గడిచాక అమ్మాయి మెల్లగా, "నాన్నా, దానికి విసుగొస్తోంది, కొన్నాళ్లు ఆపుదామా?" అంది. ఒకసారి ఆపిన పాఠం మళ్లీ మొదలుకాదని బడిపంతులుకు వేరే చెప్పాలా?

కేబులు కార్యాలయానికి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేశాను. మా వీధి లైను చూసే కుర్రవాడు అయిదుసార్లు వచ్చాడు. వచ్చేది పగటిపూట, అప్పుడు అంతా సవ్యంగా ఉండేది. ఒకసారి మోడెం మార్చాడు, ఒకసారి దాని కనెక్టరు మార్చాడు, ఒకసారి మెట్ల పక్కనున్న పెట్టె తెరిచి బిగించి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఒకసారి, "మాస్టారూ, ఇంట్లో లైనుకు ఎక్కడైనా జాయింటు ఉందాండీ?" అని అడిగాడు. "ఏమీ లేదు, నీ పని నువ్వు సరిగా చూసుకో" అన్నాను. అయిదోసారి నలుగురు ఇరుగుపొరుగు వింటుండగా, పని నేర్చుకుని రమ్మని గద్దించాను. అంతటితో ఆగక, అతనికి పని తెలియదని కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ పై వారం నుంచి మా వీధికి వేరొకరు రాసాగారు. తీగ జబ్బు మాత్రం యథాతథంగా ఉంది.

మా కింది అంతస్తులో తంతి శాఖలో లైన్ల మీద పనిచేసి విరమించిన ఒక పెద్దాయన ఉండేవారు. నా గోడు విని ఒక మాట అన్నారు: "మాస్టారూ, ఇన్నాళ్లూ మీరు 'తప్పు ఎవరిది' అని అడుగుతున్నారు. మా శాఖలో మొదట నేర్పేది 'తప్పు ఎక్కడ' అని అడగడం. ఎక్కడో తెలిస్తే ఏమిటో తెలుస్తుంది. ఏమిటో తెలిశాక ఎవరిదో అడగవలసిన అవసరం సాధారణంగా రాదు."

ఈ మాట వెనుక నూటయాభై ఏళ్ల పైబడిన అనుభవం ఉన్నది. ఆయన సాయంత్రాలు చెప్పినదీ, తరువాత నేను చదువుకున్నదీ కలిపి ఇక్కడ కూర్చుతున్నాను.

మన దేశంలో తంతికి తొలి ప్రయోక్త విలియం బ్రూక్ ఒషానెసీ అనే వైద్యుడు. 1839లో కలకత్తా వృక్షోద్యానం దగ్గర మైళ్ల పొడవున తీగలు కట్టి విద్యుత్ సంకేతాలు పంపి చూశాడు. హుగ్లీ నది నీటి అడుగునా తీగ వేసి ప్రయోగం చేశాడు. ఆయన నాయకత్వంలోనే 1851లో కలకత్తాకూ డైమండ్ హార్బరుకూ మధ్య తంతి నడిచింది. 1855లో ప్రజల వాడుకకు వచ్చింది. యూరపులో వాడే సన్నని తీగ ఇక్కడ పనికిరాదని ఆయన గ్రహించాడు. కోతులు ఊగుతాయి, పెద్ద పక్షులు వాలుతాయి, గాలివానలు విరుచుకుపడతాయి. అందుచేత లావాటి ఇనుపకడ్డీలనే వాడాడు. నేల మీద తీగ తెగితే గుర్రం మీదనో కాలినడకనో మనిషి వెళ్లి చూడవచ్చు. మరి తీగ సముద్రం అడుగున ఉంటే?

1850లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య జలసంధిలో వేసిన తొలి తీగ ఒక్కరోజులోనే మూగబోయింది. 1851లో ఇనుపతీగల కవచం చుట్టి వేసినది నిలిచింది. రాగితీగ చుట్టూ పూసే గటాపర్చా అనే చెట్టుపాలు మలయా ప్రాంతం అడవుల నుంచి వచ్చేది. రబ్బరు వంటిదే, కాని ఉప్పునీటిలో చెడదు. ఈ ధైర్యంతో 1858లో అట్లాంటిక్ మహాసముద్రాన్నే దాటించారు. ఆగస్టు 5న తీగ రెండో ఒడ్డు చేరింది. ఆగస్టు 16న విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. అయినా రెండు దేశాల్లోనూ పండగలు చేసుకున్నారు. సెప్టెంబరు మొదటికల్లా ఆ తీగ పనికిరాకుండా పోయింది.

ఇక్కడ ఇద్దరు మనుషులను చూడాలి. ఒకరు వైల్డ్‌మన్ వైట్‌హౌస్. వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు, ఆ కంపెనీకి విద్యుత్ నిపుణుడు. రెండోవారు గ్లాస్గో ఆచార్యుడు విలియం థామ్సన్, తరువాతి కాలపు లార్డ్ కెల్విన్. దూరాన ఉన్నవాడికి వినబడకపోతే ఇంకా గట్టిగా అరవాలన్నది వైట్‌హౌస్ సిద్ధాంతం. పెద్ద పెద్ద ప్రేరణ చుట్టలతో రెండు వేల వోల్టుల దాకా తీగలోకి ఎక్కించాడు. థామ్సన్ పద్ధతి వేరు. అరుపు పెంచడం కాదు, చెవిని సూక్ష్మం చేసుకోవాలన్నాడు. చిన్న అద్దపు ముక్క వెనుక అయస్కాంతం అతికించి, దానిమీద పడిన దీపకాంతి గోడమీద ఎటు కదిలిందో చూసి సందేశం చదివే పరికరం కనిపెట్టాడు. అతి బలహీనమైన సంకేతానికి కూడా ఆ వెలుగుచుక్క కదిలేది.

తీగ చచ్చిపోయాక తప్పు ఎవరిదన్న ప్రశ్న లేచింది. కంపెనీ వైట్‌హౌస్‌ను అప్పటికే తొలగించింది. లోకం ఆయనను దోషిగా నిలబెట్టింది. ఆయన వేయించిన వోల్టులు తీగ ఆయువును తగ్గించాయన్నది నిజమే. అయితే ప్రభుత్వమూ కంపెనీ కలిసి వేసిన విచారణ సంఘం 1861లో ఇచ్చిన నివేదికను బట్టి చూస్తే కథ ఇంకా వెనుక మొదలైంది. ఆ తీగ తయారీలోనే లోపాలున్నాయి. 1857 వేసవిలో ఎండలో పడివుండగా గటాపర్చా మెత్తబడి, మధ్యనుండవలసిన రాగి పక్కకు ఒరిగింది. ఓడల్లోకి ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించడంలో మరికొంత దెబ్బతింది. ముందే రోగం ఉన్న తీగ మీద వైట్‌హౌస్ తన వైద్యం చేశాడు. ఒక్క మనిషి మీద నేరం మోపితే ఈ తక్కినవన్నీ కనబడకుండా పోయేవి. విచారణ చేయబట్టి బయటపడ్డాయి.

ఈ ఓటమి వలన జరిగిన మేలు కొలత పుట్టడం. అంతవరకు తీగ తయారుచేసినవాడూ, వేసినవాడూ, నడిపేవాడూ ఒకే ప్రమాణంతో మాట్లాడుకోలేదు. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ విద్యుత్ ప్రమాణాల కోసం ఒక సంఘాన్ని నియమించింది. తీగ విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఓం అనే ప్రమాణానికి ఆ కృషి పునాది. దోషం ఉన్న చోటును ఒడ్డున కూర్చునే లెక్కగట్టడం సాధ్యమయింది. సూత్రం సులభమే. తీగ పొడవు పెరిగే కొద్దీ నిరోధం పెరుగుతుంది. మైలుకు ఎంత నిరోధమో ముందే తెలుసు. మధ్యలో కవచం చెడి తీగ సముద్రపు నీటిని తాకితే విద్యుత్తు అక్కడినుంచే నేలలోకి జారిపోతుంది. కాబట్టి ఒడ్డునుంచి కొలిచిన నిరోధాన్ని బట్టి ఎన్ని మైళ్ల అవతల జారుతున్నదో చెప్పవచ్చు. నీటిని తాకిన చోట ఉండే నిరోధం ఈ లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. అందుకని మంచి తీగ ఒకటి తోడుంటే, రెండింటినీ అవతలి కొసన కలిపి, రెండు వైపుల నిరోధాలను త్రాసులో తూచినట్టు తూచి దోషస్థానం చెప్పే చక్రపరీక్షలు వచ్చాయి. వీటికి ఆధారమైన తుల్యతా వలయాన్ని 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ కనిపెట్టగా, 1843లో ప్రచారంలోకి తెచ్చిన చార్లెస్ వీట్‌స్టన్ పేరు దానికి నిలిచిపోయింది.

1866లో గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌక కొత్త తీగను విజయవంతంగా వేసింది. అంతకు ముందు సంవత్సరం మధ్యలో తెగి సముద్రంలో మునిగిన తీగను కూడా, రెండు మైళ్లకు పైబడిన లోతునుంచి కొక్కేలతో పైకి లాగి, అతికి పూర్తిచేసింది. ఆ సెప్టెంబరులో లాటిమర్ క్లార్క్ ఈ రెండు తీగలనూ అమెరికా ఒడ్డున కలిపించి, ఐర్లండు ఒడ్డున ఒక చిన్న ప్రయోగం చేశాడు. కుట్టుపనిలో సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే వెండి తొడుగులో కాస్త ఆమ్లం పోసి, తుత్తునాగపు ముక్క ముంచి, బొటనవేలంత బ్యాటరీ చేశాడు. ఆ చిటికెడు విద్యుత్తు సముద్రాన్ని రెండుసార్లు దాటి తిరిగివచ్చి వెలుగుచుక్కను కదిలించింది. రెండు వేల వోల్టులు సాధించలేనిది తొడుగుడు ఆమ్లం సాధించింది. తీగ నిర్దోషి అయితే గుసగుస చాలునని తేలింది.

సముద్రం అడుగున ఉన్న ఈ తంతికీ, మా హాలు గోడలో ఉన్న కేబులుకూ చుట్టరికం ఉన్నది. ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ అనే ఆయన యువకుడిగా సముద్రపు తంతి కంపెనీలో పనిచేశాడు. తీగలో సంకేతం ఎలా ప్రయాణిస్తుందో, ఎందుకు రూపు చెడుతుందో గణితంతో తేల్చినవారిలో అగ్రగణ్యుడు. 1880లో ఆయన ఒక తీగను మరొక గొట్టంలాంటి తీగ లోపల ఉంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నడుమ రాగి, దాని చుట్టూ విద్యుత్తును అడ్డే పొర, ఆ పైన లోహపు అల్లిక, అన్నిటి మీదా తొడుగు. బయటి అల్లిక ప్రహరీగోడ వంటిది: లోపలి సంకేతాన్ని బయటికి పోనివ్వదు, బయటి రొదను లోనికి రానివ్వదు. 1929లో అమెరికాలో ఎస్పెన్‌షీడ్, అఫెల్ అనే బెల్ సంస్థ ఇంజనీర్లు ఇటువంటి తీగలో ఒకేసారి ఎన్నో సంభాషణలు పంపే పద్ధతికి దరఖాస్తు చేశారు. 1948 ప్రాంతంలో అమెరికాలో కొండల చాటున టీవీ అందని ఊళ్లలో గుట్ట మీద ఒక పెద్ద యాంటెనా నిలిపి, అక్కడినుంచి ఇళ్లకు తీగలు లాగడం మొదలయింది. కేబులు టీవీకి అదే అంకురం.

మన ఊళ్లలో కేబులు చరిత్ర నా ఈడువారికి కళ్లముందు జరిగినదే. 1991లో గల్ఫ్ యుద్ధం వార్తలు, ఆ ఏడే స్టార్ టీవీ, 1992లో జీ టీవీ, 1995లో ఈటీవీ తెలుగులో. డాబా మీద గొడుగులాంటి డిష్ పెట్టుకున్న కుర్రవాళ్లు చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా నల్లతీగలు లాగి ఊరంతా పంచారు. 1995లో కేబులు టీవీ చట్టం వచ్చేనాటికే ఆ సాలెగూడు సిద్ధంగా ఉన్నది. ఆ సంవత్సరమే ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం అందుబాటులోకి వచ్చింది, టెలిఫోను తీగ మీద. టీవీ తీగ మీద అంతర్జాలం నడిపే డాక్సిస్ అనే ఉమ్మడి నిబంధనలు 1997లో అమెరికాలో వెలువడ్డాయి. క్రమంగా ప్రపంచమంతా వ్యాపించి మా ఇంటికీ వచ్చాయి.

టీవీకీ అంతర్జాలానికీ ఒక పెద్ద భేదం ఉన్నది. టీవీ పురాణకాలక్షేపం వంటిది: పౌరాణికుడు చెబుతాడు, మనం వింటాం. అంతర్జాలం సంభాషణ. మన ఇంటినుంచి కూడా సంకేతం ఎదురు వెళ్లాలి. ఆ ఎదురు వెళ్లే సంకేతం తక్కువ పౌనఃపున్యాల మీద నడుస్తుంది. మోటార్లు, మిక్సీలు, చవకబారు ట్యూబులైట్లు చేసే విద్యుత్ రొద కూడా అక్కడే ఎక్కువ. పైగా ఒక వీధిలోని ఇళ్లన్నిటి సంకేతాలూ పిల్లకాలువలు పెద్దకాలువలో కలిసినట్టు ఒకే చోటికి చేరుతాయి. ఒక ఇంట్లో ప్రహరీగోడకు కన్నం పడి రొద దూరితే అది వీధి మొత్తానికి తగులుతుంది. మన మోడెం పంపినది ఆ రొదలో అవతల సరిగా వినబడకపోతే, ఇంకా గట్టిగా చెప్పమని కేంద్రం దానికి ఆజ్ఞ ఇస్తుంది. మోడెం గొంతు పెంచుతుంది. చివరికి పెంచలేక పడిపోయి, మళ్లీ మొదటినుంచి పలకరింపు మొదలుపెడుతుంది. చదువరులకు ఈపాటికి వైట్‌హౌస్ గుర్తొచ్చి ఉంటాడు. ప్రతి లోపభూయిష్టమైన తీగ కొసనా ఆయన ఇప్పటికీ కూర్చుని వోల్టులు పెంచుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మళ్లీ మా ఇంటికి వద్దాం. పెద్దాయన చేసినదంతా 1860ల నాటి పద్ధతే, పరికరాలే వేరు.

మొదట పిలుపు. కంప్యూటరు నుంచి ఒక చిన్న సంకేతం పంపి, బదులు ఎంతసేపటికి వస్తుందో చూసే పింగ్ అనే ఆదేశాన్ని 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాశాడు. నీటిలో శబ్దం పంపి ప్రతిధ్వని వినే పద్ధతి నుంచి ఆ పేరు వచ్చింది. ఆ సాయంత్రం ముందు మా ఇంట్లోని పెట్టెనే పిలిచాం, వెంటనే పలికింది. కాబట్టి కంప్యూటరుదీ, ఇంటి లోపలి వైఫైదీ దోషం కాదు. తరువాత కంపెనీ మొదటి మజిలీని పిలిచాం. అక్కడ బదులు తప్పిపోసాగింది. దోషం ఆ రెంటి నడుమ.

తరువాత కొలత. మోడెం తన నాడిని తానే చూపించే పుట ఒకటి ఉంటుంది, బ్రౌజరులో 192.168.100.1 అని కొడితే చాలా మోడెంలలో తెరుచుకుంటుంది. అందులో మూడు అంకెలు చూడమన్నారు ఆయన. వచ్చే సంకేతపు బలం, నిబంధన ప్రకారం ఇది -15, +15ల మధ్య ఉండాలి, సున్నాకు దగ్గరైతే మేలు. సంకేతానికీ రొదకూ నిష్పత్తి, ముప్ఫయి పైన ఉంటే క్షేమం. మోడెం పంపే బలం, అది యాభై దాటిందంటే మోడెం గొంతు చించుకుంటున్నదన్నమాట. పగలు మా అంకెలు 1, 36, 42. రాత్రి ఏడున్నరకు -14, 24, 54. వీధిలో అందరూ ఒకేసారి వాడడం వల్ల వేగం తగ్గితే ఈ అంకెలు ఇలా మారవని ఆయన చెప్పారు. దారిలో రద్దీ వేరు, దారికి గండిపడడం వేరు. మాది గండి.

ఇక విభజన. అపార్టుమెంటు సంఘం కార్యదర్శిని పిలిచి, మెట్ల దగ్గర మా ఇంటి లైను బయలుదేరే పెట్టె తెరిపించి, మోడెంను అక్కడికే మోసుకెళ్లి కలిపాం. సాయంత్రం ఏడున్నరే. అంకెలు పగటివాటిలాగే దివ్యంగా ఉన్నాయి. నా గుండె అక్కడే జారింది. స్తంభం, వీధి, కార్యాలయం, ఆ కుర్రవాడు, అందరూ ఒక్క క్షణంలో నిర్దోషులయ్యారు. మిగిలింది నా గుమ్మం లోపలి పది గజాలు. హాలులో పాత టీవీ ఉన్న చోట కలిపి చూశాం, అక్కడా బాగానే ఉంది. హాలుకూ నా చదువుకునే గదికీ మధ్య ఉన్నది ఒక్కటే, గోడలో కట్టిన పూజ అలమర.

చదువుకునే రోజుల్లో అన్నంభట్టు తర్కసంగ్రహం మాకు పాఠ్యం. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా, ఇది అన్వయం. నిప్పు లేని చోట పొగ ఉండదు, మడుగులోలాగా, ఇది వ్యతిరేకం. రెండూ కుదిరితేనే హేతువు నిలుస్తుంది. పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను గాని, ఇంట్లో దానితో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. మోడెం ఆర్పి వెలిగిస్తే బాగుపడిందని సంబరపడ్డ రోజులున్నాయి, అది కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు పడడం ఒక్కసారే జరిగాయి, అంతే. నెల మధ్యలో మూడు రోజులు ఏ అంతరాయమూ లేదు. ఫిర్యాదు పనిచేసిందని మీసం మెలేశాను. ఆ మూడు రోజులూ మా ఆవిడ వాళ్ల అక్కగారి ఊరికి వెళ్లింది. ఉదయం పూజ నాది, సంధ్యాదీపం ఆమెది. ఆమె లేని మూడు సాయంత్రాలూ దీపం పెట్టడం నేను మరిచిపోయాను. అంటే ఆ మూడు సాయంత్రాలూ అలమర తలుపు తెరుచుకోలేదు.

తలుపు మూసి అంకెలు చూశాం. తెరిచి చూశాం. మళ్లీ మూసి చూశాం. వంటిల్లూ మడుగూ రెండూ మా ఇంట్లోనే దొరికాయి. ఆ వేసవి మొదట్లోనే తలుపుకు కొత్త బందులు వేయించాం. అప్పటినుంచి తలుపు ఇదివరకటికంటె మరికాస్త వెనక్కి వెళ్లి గోడకు ఆనుతున్నది. ఆనే చోట గోడ వెంబడి కేబులు పోతున్నది. దీపం వెలిగినంతసేపు, అంటే దాదాపు ఏడునుంచి తొమ్మిది దాకా, తలుపు దానిని ఒత్తుతూ ఉంటుంది. అయితే మంచి కేబులు ఆ మాత్రం ఒత్తిడికి చెడదు. పెద్దాయన అక్కడి నల్లటేపు విప్పారు.

విప్పుతూంటే నాకు గుర్తొచ్చింది. 2009లో ఆ అలమర చేసేటప్పుడు వడ్రంగి రంపానికి కేబులు తెగింది. మనిషి కోసం రెండు రోజులు ఆగలేక, కరెంటు తీగను అతికినట్టు నేనే రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టాను. లోపలి రాగి రాగితో కలిసింది గాని బయటి అల్లిక సగం కలిసి సగం తెగి ఉన్నది. టీవీ వచ్చింది, నా పనితనానికి నేనే మురిసి, మరిచిపోయాను. ఇటువంటి తీగలో అతుకు కుదరని చోట సంకేతం గోడకు కొట్టిన బంతిలాగా కొంత వెనక్కి తిరుగుతుంది. అల్లిక తెగిన కన్నంలోంచి ఇంటి రొదంతా లోనికి దూరుతుంది. తలుపు ఒత్తినప్పుడు రాగి కొసలు కూడా ఎడమయ్యేవి. అంటే నా ఇంటి రొద మా వీధి వారందరికీ కొంత తగులుతూ ఉండాలి. వారిలో ఎవరెవరు ఆ కుర్రవాణ్ణి తిట్టారో నాకు తెలియదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను వెతకడంతో సరిపెట్టలేదు, పిల్లను ఎత్తుకుపోయాడని ఒకరి మీద కేసు కూడా పెట్టాను. "ఇంట్లో జాయింటు ఉందాండీ?" అని అతను అడిగినది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. "తప్పు ఎక్కడ" అనే ప్రశ్న అది. నేను దానికి "తప్పు ఎవరిది" అనే జవాబు ఇచ్చాను.

ఆ ముక్క తీసేసి, హాలునుంచి గదికి అతుకు లేని కొత్త కేబులు వేయించాను. అంకెలు రాత్రీ పగలూ ఒక్కతీరుగా నిలిచాయి. మర్నాడు కార్యాలయానికి వెళ్లి, నా ఫిర్యాదు తప్పనీ, లోపం నా ఇంట్లోదేననీ, అది నా చేతి పనేననీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడి గుమాస్తా చదివి, ఇటువంటి కాగితం ఎప్పుడూ రాలేదని చెప్పి, ఏ ఫైలులో పెట్టాలో తెలియక కాసేపు తటపటాయించాడు. ఫిర్యాదు వచ్చిన నెలలో ఆ కుర్రవాడికి ఇవ్వవలసిన దానిలో కొంత కోశారట. కోసినది తిరిగి ఇవ్వడం ఆయన చేతిలో లేదన్నాడు.

కుర్రవాడు ఎక్కడ పనిచేస్తున్నాడో కనుక్కుని వెళ్లాను. కాలువ అవతలి వీధిలో నిచ్చెన మీద ఉన్నాడు. నన్ను చూసి దిగాడు, మళ్లీ ఏం ముంచుకొచ్చిందోనన్న మొహంతో. జరిగినదంతా చెప్పాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కనుక మా అపార్టుమెంటువారితో కూడా చెప్పాననీ అన్నాను. కోసిన డబ్బు నేను ఇస్తానంటే పుచ్చుకోలేదు.

"పర్లేదు మాస్టారూ. ఆ అతుకు తీసేశారా?" అన్నాడు.

తీసేశానన్నాను.

"తీసిన చోట మళ్లీ జాయింటు పెట్టలేదు కదండీ?"

లేదన్నాను. తలాడించి, మళ్లీ నిచ్చెన ఎక్కాడు.

ఆ ఆదివారం మనుమరాలు ఒత్తుల పాఠం పూర్తిచేసింది. సంధ్యాదీపం వెలుగుతూనే ఉన్నది, అలమర తలుపు బార్లా తెరిచే ఉన్నది.